మార్కులు సరే, వాళ్ల వయసు గురించి మాకెవరు చెబుతారు?

సంపాదకులు గారికి నమస్కారం.

నాది నరసన్నపేట. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు, బడి యూనిఫారాలు కుడతాను. మా ఆయన పదకొండేళ్లుగా హైదరాబాదులో కరెంటు వైరింగు పని చేస్తున్నారు. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. జూన్‌లో కుట్టిన వాడి ప్యాంటు మడత దసరాకు ఒకసారి, కార్తీకంలో ఒకసారి విప్పి కిందికి దించాను. ఇక విప్పడానికి మడత మిగలలేదు. గొంతు బొంగురుపోయింది. అడిగిన దానికి "ఊఁ" తప్ప జవాబు లేదు. రాత్రి వాళ్ల నాన్న వీడియో కాల్ చేస్తే ఫోను మంచం మీద వెల్లకిలా పెట్టి పుస్తకం తెరుస్తాడు. ఆయనకు అక్కడ కనిపించేది మా ఇంటి కప్పు, తిరుగుతున్న ఫ్యాను. "వాడిని అలా వదిలేశావేమిటి?" అని నన్నే అంటారు. వదిలేయలేదు. ఎలా పట్టుకోవాలో తెలియడం లేదు.

ఇది నా ఒక్క ఇంటి గొడవ అయితే పత్రికకు రాసేదాన్ని కాదు. కొలతలకు వచ్చే తల్లులందరూ ఇదే మాట్లాడతారు. ఈ మధ్య ఒకావిడ పదమూడేళ్ల కూతురిని వెంటబెట్టుకొచ్చింది. టేపు పట్టుకుని దగ్గరికి వెళ్తే ఆ పిల్ల రెండు చేతులూ గుండెల మీద గట్టిగా కట్టుకుని గోడకు అంటుకుపోయింది. "ఇంత ఎదిగింది, ఒంటి మీద ధ్యాస లేదు, బుద్ధి లేదు" అని తల్లి నలుగురిలో గట్టిగా అంటోంది. టేపు ఆ పిల్ల చేతికే ఇచ్చి తెర వెనక్కి పంపాను. కాసేపటికి ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాసి తెచ్చింది. నేను తీసినా అంతకంటే సరిగ్గా వచ్చేవి కావు. ఆ తల్లి చెడ్డది కాదు. తన పదమూడో ఏట తనకు ఎవరూ ఏమీ చెప్పలేదు, అంతే.

పదహారేళ్లు వచ్చిన కొడుకును మిత్రుడిలా చూడమన్నారు పెద్దలు. పదమూడుకూ పదహారుకూ మధ్య ఏమి చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. పూర్వం ఆ మధ్యకాలానికి ఇంట్లో మేనమామలు, బాబాయిలు, నాన్నమ్మలు ఉండేవారు. తండ్రి మీద అలిగిన పిల్లవాడు మామయ్య ఇంట్లో రెండు రోజులుండి చల్లబడి వచ్చేవాడు. ఇప్పుడు ఆ మామయ్య చెన్నైలోనో, విశాఖలోనో ఉన్నాడు. మన జిల్లాలో వలస లేని వీధి ఎక్కడుంది? ఎచ్చెర్ల తీరం నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి నెలల తరబడి పరాయి సముద్రంలో వేటాడతారు. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుపోయిన మనవాళ్లు 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు. ఆ ఏడాదికి పైబడిన కాలంలో వాళ్ల ఇళ్లలో ఎందరు కొడుకులకు మీసకట్టు వచ్చి ఉంటుందో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

బడిలో తల్లిదండ్రుల సమావేశాలు జరుగుతున్నాయి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో ఒకే రోజు జరిపారు, పిల్లలతో కలిసి భోజనం పెట్టారు. మంచి పని, కాదనను. కానీ నేను వెళ్లిన ప్రతి సమావేశంలోనూ మాట మార్కుల దగ్గర మొదలై మార్కుల దగ్గరే ముగిసింది. "లెక్కల్లో వెనకబడ్డాడమ్మా, పొద్దున్నే లేపండి" అన్నారు. నేను నాలుగున్నరకు లేపడం మొదలుపెట్టాను. లేవకపోతే మొహాన నీళ్లు చల్లాను. ఒకరోజు చెయ్యి కూడా చేసుకున్నాను. తొమ్మిది రోజులు వాడు నాతో మాట్లాడలేదు.

మా పిన్ని కూతురు ఆసుపత్రిలో నర్సు. తను చెప్పాకే నాకు తెలిసింది, ఈ వయసులో నిద్ర తెప్పించే హార్మోను రాత్రి ఆలస్యంగా ఊరుతుందట. పదిన్నర, పదకొండు దాకా నిద్ర రాకపోవడం వాడి పొగరు కాదట. పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలట. ముందువెనకలు ఆలోచించి కోపాన్ని ఆపుకునే మెదడు భాగం పూర్తిగా ఎదగడానికి పాతికేళ్లు పడుతుందట. ఈ నాలుగు ముక్కలు నాకు ఒక ఏడాది ముందు తెలిసి ఉంటే వాడి మొహాన నీళ్లు చల్లేదాన్ని కాదు.

ఇవన్నీ చెప్పడానికి కార్యక్రమాలు లేకపోలేదు. 10 నుంచి 19 ఏళ్ల వారి కోసం కేంద్రం 2014లోనే రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. ఈ వయసు పిల్లలకు ఆసుపత్రుల్లో ప్రత్యేక క్లినిక్కులు ఉండాలని అందులోనే ఉంది. మనసు బాగాలేనప్పుడు మాట్లాడడానికి 14416 టెలి మానస్ నంబరు 2022 నుంచి ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. నా దగ్గరకు వచ్చే తల్లుల్లో ఆ నంబరు విన్నవారు ఒక్కరూ లేరు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 17 ఏళ్లకే మరణించిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, తల్లిదండ్రులకు కూడా క్రమం తప్పకుండా అవగాహన కార్యక్రమాలు పెట్టాలని అందులో చెప్పింది. తల్లిదండ్రులకు కూడా అన్న ఆ మాట దగ్గరే నా ఆశ అంతా ఉంది.

నేను కోరేది ఒక్కటే. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లల తల్లిదండ్రులకు ఏడాదిలో ఒక పూట, మార్కుల కాగితాలు పక్కన పెట్టి, ఒక డాక్టరో నర్సో వచ్చి ఈ వయసు గురించి చెప్పాలి. అదీ తండ్రులు ఊళ్లో ఉన్నప్పుడు పెట్టాలి. వేరావల్ వెళ్లేవారి ఊళ్లలో అయితే వానాకాలం వేట ఆగి వాళ్లు ఇంటికి వచ్చినప్పుడు, మిగతా ఊళ్లలో సంక్రాంతికి. ఉపాధ్యాయుల పండగ పాడుచేయమని అనడం లేదు. గ్రామ సచివాలయంలోని ఆరోగ్య సిబ్బంది ముక్కనుమ మర్నాడు రెండు గంటలు కేటాయించినా చాలు.

మా ఆయన ఈ సంక్రాంతికి ఆరు రోజుల సెలవు మీద వస్తున్నారు. అందులో ఒక పూట బడిలో కూర్చోవడానికి ఒప్పుకున్నారు. పండగ సెలవుల్లో గదులు ఎలాగూ ఖాళీగానే ఉంటాయి. ఒక గది తాళం తీయించమని జిల్లా అధికారులను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక తల్లి,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా