గ్రీన్ కార్డు ఉంటేనే అమెరికా సైన్యం. ఆ తర్వాత ఓసీఐ ఉండదు

సంపాదకులకు,

స్టూడెంట్ వీసా మీద ఉన్నా అమెరికా సైన్యంలో చేరొచ్చని, వెంటనే పౌరసత్వం ఇస్తారని మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా చెప్పుకుంటున్నారు. ఆ మాట పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. 2009లో మొదలైన ‘మావ్ని’ పథకం కింద, వీసాపై ఉంటున్నవారిలో కొన్ని భాషలు వచ్చినవారినీ, వైద్య నిపుణులనూ తీసుకున్నారు. 2016లో కొత్త నియామకాలు ఆపేశారు. అప్పటికే సంతకాలు పెట్టినవారిలో కొందరికి భద్రతా తనిఖీలు ఏళ్ల తరబడి తేలలేదు, ఈలోగా వీసా గడువు తీరిపోయింది.

ఇప్పుడు చేరగలిగేది పౌరులు, గ్రీన్ కార్డుదారులు, ఒప్పందం ఉన్న మైక్రోనేషియా, మార్షల్ దీవులు, పలావు దేశస్థులు. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4 వీసాల్లో ఏదీ చెల్లదు. గ్రీన్ కార్డు కోసం ఐ-485 దరఖాస్తు వేసి, పని చేసుకునే ఈఏడీ కార్డు వచ్చిందంటే గ్రీన్ కార్డు వచ్చినట్టే అనుకుంటారు. కాదు. మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే.

గ్రీన్ కార్డు ఉన్నా అన్ని కొలువులూ దొరకవు. పౌరసత్వం లేకుండా సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే రహస్య సమాచారం చూసే అనుమతి, రాదు, అది లేకుండా ఇంటెలిజెన్స్‌లోకి, సైబర్ విభాగంలోని చాలా పోస్టుల్లోకి రానివ్వరు. కంప్యూటర్ చదువు చూసి సైబర్‌లో వేస్తారన్న ఆశతో వెళ్లేవారు ఇది రిక్రూటర్‌ను ముందే అడగాలి. ఆఫీసర్ హోదాకూ పౌరసత్వం కావాలి.

పౌరసత్వం దారి మాత్రం నిజంగానే దగ్గర. 2001 సెప్టెంబర్ 11 తర్వాతి కాలాన్ని యుద్ధకాలంగా ప్రకటించారు కనుక, మామూలుగా అడిగే అయిదేళ్ల నివాసం సైనికులకు అక్కర్లేదు. పౌరసత్వం కోసం వేసే ఎన్-400 దరఖాస్తుకు ఫీజు లేదు. దానికి ఎన్-426 జతచేయాలి. సేవ గౌరవప్రదంగా ఉందని సైన్యం తరఫున సంతకం పెట్టే కాగితం అది. అయిదేళ్లు పూర్తికాకముందే గౌరవప్రదం కాని కారణంతో బయటికి పంపితే, ఇచ్చిన పౌరసత్వాన్ని రద్దు చేసే వీలు కూడా చట్టంలో ఉంది. రిక్రూటింగ్ కరపత్రాల్లో ఈ ముక్క పెద్ద అక్షరాల్లో కనిపించదు లెండి.

ఇక మన వైపు సంగతి. అమెరికా పౌరసత్వం తీసుకోగానే, 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. పాస్‌పోర్టు సరెండర్ చేయాలి. పాత పాస్‌పోర్టులో గడువు మిగిలి ఉంది కదా అని దానిమీద ప్రయాణిస్తే జరిమానా తప్పదు. భారత సంతతి విదేశీ పౌరులు వీసా లేకుండా వచ్చిపోయేందుకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉందిగా, ‘అది తీసుకుంటాంలే’ అని చాలా కుటుంబాలు ధీమాగా ఉంటాయి. కానీ విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవారికీ, రిటైరైనవారికీ ఓసీఐ ఇవ్వరని భారత ప్రభుత్వ నిబంధనల్లోనే ఉంది. అంటే నాలుగేళ్ల కాంట్రాక్టు ముగించుకుని వచ్చేసినా, ఊళ్లో అమ్మానాన్నలను చూడటానికి వీసా తీసుకునే రావాలి. సంతకం పెట్టకముందే ఇంట్లో తేల్చుకోవాల్సిన విషయం ఇది. మీ చదువుల పేజీలో విదేశీ ఉద్యోగాల గురించి రాసేటప్పుడు ఈ నిబంధననూ ప్రచురించాలని కోరుతున్నాం.

– వలస పత్రాల సలహాదారులు, హైదరాబాద్