మందు పనిచేయడం మానేసినప్పుడు రెండో టెస్ట్ కూడా చేయించండి: ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను బెంగళూరులో ఒక మాలిక్యులర్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మాది మదనపల్లె దగ్గర పల్లె. క్యాన్సర్ గడ్డ ముక్కలోంచి, రక్తంలోంచి డీఎన్ఏ తీసి, ఏ జన్యువు ఎక్కడ మారిందో చూసి రిపోర్ట్ ఇవ్వడం మా పని. మిమ్మల్ని అడగదలచుకున్నది ఒక్కటే. క్యాన్సర్ మందు కొన్నాళ్లు పనిచేసి ఆగిపోయినప్పుడు, ఎందుకు ఆగిందో చెప్పే రెండో జన్యు పరీక్ష ఖర్చును కూడా రాష్ట్ర ఆరోగ్య పథకంలో చేర్చండి.

ఇక్కడి కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి ఓపీ దగ్గర కాసేపు నిలబడితే కన్నడంతో పాటు హిందూపురం, అనంతపురం, చిత్తూరు మాటలు వినపడతాయి. సీమ జిల్లాల వాళ్లకు పెద్ద జబ్బు వస్తే దగ్గరి పట్నం బెంగళూరే. మా రిపోర్టులు ఇంగ్లిష్‌లో ఉంటాయి. నాకు తెలుగు వచ్చని తెలిసినవాళ్లు ఫోన్ చేస్తారు. వాళ్లు జన్యువు పేరు అడగరు. "మేడమ్, మాత్ర ఒక్క పూట కూడా తప్పలేదు. మళ్లీ గడ్డ పెరిగిందంటున్నారు. మా నాయన తిండిలో ఏమన్నా తేడా వచ్చిందా?" అని అడుగుతారు. జబ్బు బాధకు తోడు తామే ఏదో తప్పు చేశామన్న బాధ. వాళ్ల తప్పు ఏమీ లేదు. ఏం జరిగిందో ఊపిరితిత్తుల క్యాన్సర్‌నే తీసుకుని చెబుతాను.

కణం పైపొర మీద ఈజీఎఫ్ఆర్ అనే ప్రోటీన్ ఉంటుంది. బయటి నుంచి సంకేతం అందితేనే అది కణాన్ని పెరగమంటుంది. దాని జన్యువులో కొన్ని మార్పులు వస్తే సంకేతం లేకపోయినా పెరగమని చెబుతూనే ఉంటుంది. బీడీ, సిగరెట్ ముట్టని ఆడవాళ్లకు కూడా ఈ రకం క్యాన్సర్ వస్తుంది. 2004లో ఈ మార్పులను గుర్తించాక, గెఫిటినిబ్, ఎర్లోటినిబ్ మాత్రలు ఎవరికి బాగా పనిచేస్తాయో తెలిసింది. మాత్ర మొదలుపెట్టే ముందు చేసే మొదటి టెస్ట్ చూసేది ఈ మార్పులనే. ఆ ప్రోటీన్‌కు శక్తినిచ్చే ఏటీపీ వచ్చి చేరే చోటును ఈ మాత్రలు ముందే ఆక్రమిస్తాయి. కొన్ని వారాల్లోనే దగ్గు తగ్గుతుంది, ఆయాసం తగ్గుతుంది, స్కాన్‌లో గడ్డ చిన్నదవుతుంది. మనిషి లేచి పొలానికి వెళ్లొస్తాడు.

చాలామందిలో దాదాపు ఏడాది తిరిగేసరికి గడ్డ మళ్లీ పెరుగుతుంది. వీళ్లలో సుమారు సగం మందిలో కారణం ఒకటే. అమైనో ఆమ్లాలు వరుసగా కట్టిన ఆ ప్రోటీన్ గొలుసులో 790వ స్థానంలో ఉండాల్సిన థ్రియోనిన్ పోయి మెథియోనిన్ వచ్చి ఉంటుంది. వెయ్యికి పైగా ఉన్న అమైనో ఆమ్లాల్లో మారింది ఒక్కటే. కానీ దానితో ఏటీపీకి పట్టు పెరుగుతుంది, మాత్ర పోటీలో ఓడిపోతుంది. ఇంకొందరిలో మెట్ అనే మరో జన్యువు కాపీలు పెరిగి, మూసిన దారి పక్కనుంచి ఇంకో దారి తెరుస్తాయి. కొద్దిమందిలో క్యాన్సర్ రకమే మారిపోయి స్మాల్ సెల్ క్యాన్సర్ అవుతుంది. దానికి ఇవ్వాల్సిన కీమో వేరు. సీటీ స్కాన్‌లో మాత్రం ఈ ముగ్గురికీ కనిపించేది ఒకటే: గడ్డ పెరిగింది. ఎవరికి ఏ మందో ఆ ఫిల్ము చెప్పలేదు.

పత్తి రైతుకు ఇందులో కొత్తేమీ లేదు. బీటీ పత్తిని తట్టుకునే గులాబీ రంగు పురుగు ఎలా పెరిగిందో ఆయన కళ్లారా చూశాడు. తట్టుకోగలిగిన నాలుగు పురుగులు మిగిలి, వాటి సంతానమే చేనంతా నిండింది. గడ్డలోనూ కోట్ల కణాలుంటాయి, అన్నీ ఒక్కలా ఉండవు. మందును తట్టుకునేవి కొన్ని చాలాసార్లు ముందు నుంచే ఉంటాయి. తిండి వల్ల వచ్చింది కాదిది.

ఈ కథలో మన తెలుగువాడి పేరు కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే సంస్థలో పరిశోధన నడిపించిన రోజుల్లో అక్కడి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. 1948లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది. కానీ అది ఎక్కువ కాలం నిలవలేదు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను కణాలు ఎలా తట్టుకుంటాయో 1978లో స్టాన్‌ఫోర్డ్‌లో తేలింది. ఆ మందు అడ్డుకునే ఎంజైమ్ జన్యువుకు కణం కాపీలు పెంచుకుంటోంది. కారణం తెలియడానికి ముప్పై ఏళ్లు పట్టింది. ఈ రోజు ఒక మనిషిలో ఆ కారణం తెలుసుకోవడానికి కొన్ని రోజులు చాలు. ఆ కొన్ని రోజుల టెస్ట్‌కు డబ్బుల్లేక ఆగిపోతున్న వాళ్లను చూస్తుంటే నాకు నిద్ర పట్టదు.

తెలుసుకుంటే లాభమేంటని మీ అధికారులు అడగవచ్చు. 790వ స్థానంలో మార్పు ఉన్నవాళ్లకు ఒసిమెర్టినిబ్ అనే మాత్ర ఉంది. 2017లో వచ్చిన ఆరా-3 ట్రయల్‌లో, కీమో తీసుకున్నవాళ్లలో జబ్బు మళ్లీ ముదరడానికి పట్టిన మధ్యస్థ కాలం 4.4 నెలలు, ఈ మాత్ర వేసుకున్నవాళ్లలో 10.1 నెలలు. 2024 బడ్జెట్‌లో కేంద్రం దీనిపై కస్టమ్స్ సుంకం ఎత్తేసింది, మంచిదే. ఎవరికి పనికొస్తుందో తేల్చకుండా మందు ధర తగ్గిస్తే సరిపోతుందా? అవసరం లేనివాళ్లకు రాస్తే డబ్బు వృథా, కావాల్సినవాళ్లకు రాయకపోతే ప్రాణం వృథా. ఇప్పుడు కొందరికి ఒసిమెర్టినిబ్‌నే మొదటి మందుగా ఇస్తున్నారు. దాన్ని కూడా క్యాన్సర్ దాటుకుపోతుంది, 797వ స్థానంలో ఇంకో మార్పుతోనో, మెట్ దారిలోనో. అంటే వాళ్లకూ రెండో టెస్ట్ కావాల్సిందే.

ఇక ఆచరణ సంగతి. ఊపిరితిత్తిలోకి మళ్లీ సూది పంపి ముక్క తీయడం అందరికీ కుదరదు. నీరసించిన మనిషికి అది ప్రమాదం కూడా. చాలామందికి ముందు రక్త పరీక్షతో చూడవచ్చు, ఎందుకంటే గడ్డ నుంచి డీఎన్ఏ తునకలు రక్తంలోకి వస్తుంటాయి. మామూలు ఈడీటీఏ ట్యూబ్‌లో తీసిన రక్తాన్ని కొన్ని గంటల్లోనే ల్యాబ్‌లో యంత్రంలో వేగంగా తిప్పి ప్లాస్మాను, అంటే కణాలు లేని ద్రవాన్ని, వేరుచేయాలి. లేకపోతే తెల్లకణాలు పగిలి వాటి డీఎన్ఏలో అసలుది కలిసిపోతుంది. అందుకే ఆయాసంతో ఉన్న మనిషిని రెండు ట్యూబుల రక్తం కోసం బస్సులో ఇక్కడిదాకా తెస్తున్నారు. కణాలు పగలకుండా కొన్ని రోజులు ఆపే ప్రత్యేక ట్యూబులు ఉన్నాయి. అవి అనంతపురం, కర్నూలు, తిరుపతి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉంచితే రక్తం అక్కడే తీసి కొరియర్‌లో పంపవచ్చు. మనిషి ప్రయాణం చేయనక్కర్లేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. రక్తంలో మార్పు కనిపించకపోతే లేదని అర్థం కాదు. అలాంటప్పుడు వీలైనవాళ్లకు ముక్క పరీక్ష చేయాలి. స్మాల్ సెల్‌గా మారిందో లేదో ముక్కలోనే తెలుస్తుంది. కాబట్టి రక్త పరీక్ష, అవసరమైతే బయాప్సీ, రెండూ కలిపి ఒకే ప్యాకేజీగా పెట్టండి. మొదటి టెస్ట్‌కే అనుమతి ఇచ్చి ఊరుకుంటే ఉపయోగం సగమే. అనుమతి కూడా త్వరగా రావాలి, గడ్డ పెరుగుతున్న మనిషి ఫైలు కదిలేదాకా వారాల తరబడి ఆగలేడు. ప్యాకేజీ రాసేటప్పుడు క్యాన్సర్ డాక్టర్లతో పాటు పాథాలజిస్టులను, మాలాంటి ల్యాబ్ వాళ్లను కూడా కూర్చోబెట్టండి. పిలిస్తే విజయవాడకు నా ఖర్చులతో వస్తాను.

ఇట్లు,
మాలిక్యులర్ ల్యాబ్‌లో పనిచేసే మీ సీమ ఆడబిడ్డ,
బెంగళూరు