బెండకాయలు కొనుక్కో తల్లీ

అమ్మలూ,

ఈమధ్య రాత్రి భోజనాలయ్యాక నేనూ మీ అమ్మా నీలాగే జర్మనీలో ఉండే తెలుగు పిల్లలు సూపర్ మార్కెట్‌కి వెళ్ళి తీసిన వీడియోలు చూస్తున్నాం. నువ్వేమో "అన్నీ దొరుకుతాయి నాన్నా, బాగానే తింటున్నా" అని రెండు ముక్కల్లో తేల్చేస్తావు. మాకు అది చాలడం లేదు.

తోపుడు బండి తీసుకోవాలంటే అందులో యూరో నాణెం పెట్టాలట కదా. కౌంటర్‌లో ఆవిడ చకచకా స్కాన్ చేసి తోసేస్తుంటే మనమే సంచిలో సర్దుకోవాలట. వెనక వరుసలో జనం ఉంటే నీకెంత టెన్షనో! ఆదివారం కొట్లు మూసేస్తారని కూడా ఇప్పుడే తెలిసింది. వెళ్ళిన మొదటి ఆదివారం "ఆకలిగా లేదమ్మా" అన్నావు, గుర్తుందా? ఆ వీడియో చూశాక మీ అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

సీసాల మిషన్ మాత్రం నాకు భలే నచ్చింది. ప్లాస్టిక్ సీసాకి 25 సెంట్లు ముందే పట్టుకుని, ఖాళీది తెచ్చి వేస్తే చీటీ ఇస్తుంది, దాన్ని బిల్లులో తగ్గిస్తారు. నా చిన్నప్పుడు కూల్‌డ్రింక్ సీసాకి మన కొట్టాయన కూడా ఇలాగే డబ్బులు పట్టుకునేవాడు. గుడ్ల మీద అచ్చువేసిన మొదటి అంకె కూడా చూసుకో. సున్నా అయితే సేంద్రియం, ఒకటైతే ఆరుబయట తిరిగిన కోడిది.

ధర చీటీ కింద చిన్న అక్షరాల్లో కిలో ధర ఉంటుందని ఒకమ్మాయి చూపించింది. వెంటనే మన రైతు బజార్ గేటు దగ్గర బోర్డు గుర్తొచ్చింది. స్కూటర్ ముందు నిలబడి నువ్వు ఆ ధరలన్నీ పైకి చదివేదానివి. అర కిలో ఎంత, పావు ఎంత అని నేనే అడిగేవాణ్ణి. లెక్క చూసుకుని కొనమని నేర్పింది నేనే.

అందుకే ఈ ఉత్తరం. పోయిన వారం ఇండియన్ షాపులో పావుకిలో బెండకాయలు చేతిలోకి తీసుకుని, "రెండొందలు నాన్నా" అని మళ్ళీ పెట్టేసి వచ్చానన్నావు. అది విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. యూరోని వందతో గుణించడం ఆపెయ్ తల్లీ. నీ వీసా కోసం మనం ముందే డబ్బు వేసి ఉంచిన బ్లాక్డ్ అకౌంట్‌లోంచి నెలకు వచ్చే 992 యూరోలు నువ్వు అక్కడ ఉండడానికీ తినడానికీ అని లెక్కగట్టి కట్టించుకున్నవే. ఆ డబ్బు వేసిన రోజే నేను రూపాయల లెక్క వదిలేశాను. నువ్వు ఇంకా మొయ్యొద్దు. రెండు ప్యాకెట్ల పాస్తాలో ఏది చవకో చూసుకో, అది మంచి అలవాటే. తినాలనిపించిన కూర దగ్గర మాత్రం ఇంటి లెక్క తీయకు.

ఈ శనివారం కొట్టుకెళ్ళేటప్పుడు వీడియో కాల్ చెయ్యి. సీసాలు మిషన్‌లో వేయడం నాకు చూపించు, కూరల దగ్గరకొచ్చాక అమ్మతో మాట్లాడు. బెండకాయలు బుట్టలో వేశాక ఫోన్ పెట్టేద్దువుగాని.

నాన్న