జీడీపీ దాటి ఏం నేర్పాలి? ఇంటర్ బోర్డు కార్యదర్శికి బహిరంగ లేఖ

తెలంగాణ ఇంటర్మీడియట్ విద్యామండలి కార్యదర్శి గారికి,

నమస్కారాలు. అర్థశాస్త్రంలో జాతీయాదాయం చెప్పాక, ప్రజల బాగోగులను కొలిచే ఇతర సూచికలను కూడా గట్టిగా నేర్పాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాం. కొత్త పాఠం చేర్చమని మాత్రం అడగడం లేదు. చేరిస్తే ఏమవుతుందో మీకూ తెలుసు: గైడ్లలో నాలుగు నిర్వచనాలు పెరుగుతాయి, రెండు మార్కుల ప్రశ్న ఒకటి పుడుతుంది. మానవాభివృద్ధి సూచిక అనగానే "ఆయుర్దాయం, విద్య, ఆదాయం" అని గడగడా చెప్పే విద్యార్థికి అంకెలిచ్చి లెక్క కట్టమంటే పెన్ను కదలదు. ఆ లెక్క తరగతిలో కట్టించాలి, దానికి ఏటా ఐదు మార్కుల ప్రశ్న ఒకటి కేటాయించాలి. మేం అడిగేది ఇంతే.

జీడీపీని, అంటే స్థూల దేశీయోత్పత్తిని, తిట్టిపోయడం మా ఉద్దేశం కాదు. పన్ను వసూళ్లు, అప్పుల భారం, ఉత్పత్తి హెచ్చుతగ్గులు చూడాలంటే అదే కావాలి. కానీ జాతీయాదాయాన్ని బట్టి జాతి సంక్షేమాన్ని ఊహించలేమని, అమెరికా సెనేట్‌కు 1934లో ఇచ్చిన నివేదికలో సైమన్ కుజ్‌నెట్స్ స్వయంగా హెచ్చరించాడు. ఆ లెక్కలకు పునాది వేసినవాడే చెప్పిన మాట అది. నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్లు తాగలేక కొన్న డబ్బా నీళ్లు జీడీపీలో చేరతాయి, కీళ్ల నొప్పులకు వాడిన మందులూ చేరతాయి. వంకర తిరిగిన ఎముకలకు అందులో తీసివేత లేదు.

మన రాష్ట్రం అంకెలే పాఠానికి సరిపోతాయి. తలసరి ఆదాయంలో తెలంగాణ దేశంలోనే ముందువరుసలో ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్లలోపు పిల్లలు 2015-16లో 28 శాతం, 2019-21లో 33.1 శాతం. రక్తహీనత ఉన్న పిల్లలు 60.7 నుంచి 70 శాతానికి చేరారు. ఆదాయం పెరిగిన కాలంలోనే ఇది జరిగింది. ఈ రెండు వరుసలూ బోర్డు మీద పక్కపక్కన రాస్తే చాలు, తరగతిలో ప్రశ్నలు వాటంతటవే లేస్తాయి.

ఇక లెక్కలు. మొదటిది మానవాభివృద్ధి సూచిక. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం (యూఎన్‌డీపీ) 2025 నివేదిక భారత్‌కు ఇచ్చిన అంకెలు (2023 సంవత్సరానివి) ఇవి: ఆయుర్దాయం 72 ఏళ్లు, బడిలో చేరే పిల్లవాడు చదువుతాడని ఆశించే ఏళ్లు 13, పెద్దల సగటు చదువు 6.9 ఏళ్లు, కొనుగోలు శక్తి ప్రకారం తలసరి ఆదాయం సుమారు 9,047 డాలర్లు. ఆయుర్దాయానికి కనిష్ఠం 20, గరిష్ఠం 85. 72లోంచీ 85లోంచీ 20 తీసేసి, 52ను 65తో భాగిస్తే 0.800. చదువుకు 13ను 18తో, 6.9ను 15తో భాగించి సగటు తీస్తే 0.591. ఆదాయానికి కనిష్ఠం 100, గరిష్ఠం 75,000 డాలర్లు. ఇక్కడ సంవర్గమానం (లాగరిథమ్) వాడాలి: 9,047నూ 75,000నూ కనిష్ఠమైన 100తో భాగించి, లాగ్ 90.47ను లాగ్ 750తో భాగిస్తే 0.680. మూడింటినీ గుణించి ఘనమూలం తీస్తే 0.685 వస్తుంది. నివేదికలో ఉన్నదీ అదే, 193 దేశాల్లో 130వ స్థానం.

పిల్లలు తప్పులు చేసేది రెండు చోట్ల. సంవర్గమానం మరిచిపోతే ఆదాయ సూచిక 0.119కి, మొత్తం 0.383కి పడిపోతుంది. వెయ్యి డాలర్లు సంపాదించే మనిషికి ఇంకో వెయ్యి కలిసినంత లాభం, యాభై వేలు సంపాదించేవాడికి ఇంకో వెయ్యి కలిస్తే ఉండదు. సంవర్గమానం వాడేది అందుకే. ఘనమూలం బదులు మూడింటినీ కూడి మూడుతో భాగిస్తే 0.690 వస్తుంది. తేడా చిన్నదే కదా అని వదిలేస్తే అసలు విషయం జారిపోతుంది. 0.9, 0.9, 0.1 ఇచ్చి రెండు పద్ధతుల్లోనూ చేయించండి: కూడి భాగిస్తే 0.633, గుణించి ఘనమూలం తీస్తే 0.433. ఒక రంగంలోని లోటును మరో రంగంలోని మిగులు పూర్తిగా కప్పేయకుండా 2010 నుంచి ఈ రెండో పద్ధతి, అంటే గుణమధ్యమం, వాడుతున్నారు. సీఈసీ, హెచ్‌ఈసీ పిల్లలకు లెక్కలు రావనే అభ్యంతరం మేం ఒప్పుకోం. సంవర్గమానాలు పదో తరగతి వాస్తవ సంఖ్యల పాఠంలోనే వచ్చాయి. ఘనమూలం బటన్ లేని క్యాలిక్యులేటరైతే 0.68, 0.69లను ఘనం చేసి చూసి మధ్యలోకి జరిగితే సరి.

చివర్లో ఒక్క వాక్యం కలపాలి: అసమానతలను లెక్కలోకి తీసుకుంటే ఇదే 0.685లో 30.7 శాతం కోసుకుపోయి 0.475 మిగులుతుంది.

రెండోది నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచిక. ఇందులో 12 అంశాలు, ఒక్కోదానికి ఒక్కో బరువు: పోషణ, చదివిన ఏళ్లు, బడి హాజరుకు ఆరో వంతు చొప్పున, పిల్లల మరణాలు, ప్రసూతి ఆరోగ్యానికి పన్నెండో వంతు చొప్పున, వంటచెరకు, మరుగుదొడ్డి, తాగునీరు, కరెంటు, ఇల్లు, సామాన్లు, బ్యాంకు ఖాతాకు ఇరవై ఒకటో వంతు చొప్పున. లోటు బరువు మూడో వంతుకు చేరితే ఆ కుటుంబం పేదది. దశాంశాల్లో చేస్తే చిక్కొస్తుంది. చివరి ఏడూ లేని ఇంటి లోటు సరిగ్గా మూడో వంతు, కానీ 0.047తో హెచ్చిస్తే 0.329 వచ్చి ఆ ఇల్లు జాబితాలోంచి తప్పిపోతుంది. అందుకే మొత్తం 84 అనుకోమనండి. బరువులు 14, 7, 4 అవుతాయి, గీత 28. ఒక ఇంట్లో పోషణ లోపం ఉంది, వంట కట్టెల పొయ్యి మీదే, మరుగుదొడ్డి లేదు, ఇల్లు గుడిసె: 14 కలిపి 12, మొత్తం 26. పేద కాదు! బ్యాంకు ఖాతా కూడా లేదంటే 30, పేద. ఆ గీత ఎవరు గీశారు, ఎందుకు అక్కడే గీశారు అని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. 2019-21లో తెలంగాణలో 5.88 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 6.06 శాతం పేదలన్న అంకెలు ఈ గీత మీద ఆధారపడినవే. ఈ అభ్యాసానికి కాగితం మీది ఊహా కుటుంబాలే వాడాలి. పక్కింటికి వెళ్లి మీ ఇంట్లో పిల్లలెవరైనా చనిపోయారా అని అడిగించకూడదు.

మూడోది ఇంటి పని లెక్క. మాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. సొంతానికి పండించుకున్న వడ్లు జాతీయాదాయంలో చేరతాయి. అవే బియ్యం చేసి ఇంట్లో వండితే ఆ వంట చేరదు. 2019 కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పని చేసేవారిలో ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. మూడింతల తేడా అని రాసేసి ఊరుకుంటారు చాలామంది. ఆ సగటు పని చేసినవాళ్లది మాత్రమే. అసలు ఆ పని చేసినవాళ్లు ఆడవాళ్లలో 81.2 శాతం, మగవాళ్లలో 26.1 శాతం. అందరి మీదా పంచితే సుమారు 243, 25 నిమిషాలు, అంటే దాదాపు పదింతలు. సగటు ఎవరి మీద తీశారో అడగడం ఇక్కడ అలవాటైతే, ఇంకే పట్టిక చూసినా పనికొస్తుంది.

విద్యార్థి తన ఇంట్లో ఇద్దరి రోజును రాయాలి. తెల్లవారుజాము 4 నుంచి మర్నాడు 4 దాకా అరగంటకో గడి, మొత్తం 48 గడులు. పనిరోజు ఒకటి, ఆదివారం ఒకటి. పండగ రోజు వద్దు. "రోజంతా ఏం చేశావమ్మా" అని అడిగితే "ఏముంది, ఇంటి పనే" అంటుంది, అంతటితో ఆగిపోతుంది. గడి గడికీ అడగాలి, నాన్నను కాకుండా అమ్మనే అడగాలి. వంట చేస్తూ చంటిపిల్లను చూసుకుంటే ప్రధానమైన పని రాసి, రెండోదానికి పక్కన గుర్తు పెట్టాలి. తర్వాత ఊళ్లో పనిమనిషికిచ్చే గంట కూలితో విలువ కట్టాలి. బయటి ఉద్యోగంలో ఆమె సంపాదించగలిగే జీతంతో కడితే ఇంజనీరు వండిన పప్పుకు ఒక ధర, కూలీ వండిన పప్పుకు ఒక ధర వస్తాయి. పేర్లు రాయకూడదు, తరగతిలో ఇళ్లను పోల్చకూడదు. మొత్తం తరగతి సగటే బోర్డు మీదికి రావాలి.

భూటాన్ స్థూల జాతీయ ఆనందానికి ఒక పేరా చాలు: 9 రంగాలు, 33 సూచికలు. ఏటా పత్రికల్లో వచ్చే ప్రపంచ ఆనంద ర్యాంకులు వేరు, ఇది వేరు అని చెబితే సగం గందరగోళం తీరుతుంది.

జిల్లా ఆదాయాలతో ఒక జాగ్రత్త. గచ్చిబౌలి, మాదాపూర్ ఉన్న శేరిలింగంపల్లి మండలం రంగారెడ్డి జిల్లాది. అక్కడి ఐటీ కంపెనీల ఉత్పత్తిని జిల్లా జనాభాతో భాగించి, అది అదే జిల్లాలోని యాచారం రైతు చేతికి అందే డబ్బు అనుకోకూడదు.

ఈ మూడు లెక్కలకూ కలిపి ఎనిమిది పీరియడ్లు సరిపోతాయి. ఐదు మార్కుల ప్రశ్నలో అంకెలన్నీ ప్రశ్నపత్రంలోనే ఇవ్వాలి, గుర్తుంచుకోమనకూడదు. సూత్రంలో అంకెలు పెట్టినందుకు రెండు, లెక్కకు రెండు, ఫలితం ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో రాసిన ఒక్క వాక్యానికి ఒకటి. ఆ చివరి మార్కుకు మూల్యాంకన సూచనల్లో ఒకే జవాబు అచ్చువేయవద్దని మనవి. అంకెల పట్టికను ఏటా జూన్‌లో బోర్డు వెబ్‌సైట్‌లో మార్చాలి, లేకపోతే పదేళ్లనాటి ర్యాంకులే గైడ్లలో తిరుగుతుంటాయి. జిల్లాకు ఒక రోజు శిక్షణ పెడితే నమూనా పత్రాలు, 48 గడుల షీటు మేం తయారుచేసి ఇస్తాం.

ఇట్లు,
ప్రభుత్వ జూనియర్ కళాశాలల అర్థశాస్త్ర అధ్యాపకులు కొందరు