క్యాసెట్‌లో నీ ఏడుపు

భువనగిరి,
ఆదివారం రాత్రి

బిడ్డా,

మొన్న ఫోన్‌లో "పీహెచ్‌డీ మానేస్తానమ్మా, ఇక నా వల్ల కాదు" అన్నావు. వెనక పాప ఏడుస్తోంది. నేను నోరు తెరిచేలోపే పెట్టేశావు. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. ఇవాళ బీరువా పైనుంచి పాత అట్టపెట్టె దించాను. నా క్యాసెట్లు అందులో ఉన్నాయి.

1994లో ఉస్మానియాలో రిజిస్టర్ చేసుకున్నప్పుడు నీకు రెండేళ్లు. చేనేత వాళ్ల మాటల మీద నా పరిశోధన. భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల నోటి మాటలు ఊరూరా సేకరింపజేసి 1962లో తెచ్చిన వృత్తి పదకోశం చూసినప్పటినుంచి అదే పిచ్చి నాకు. మీ నాన్న డ్యూటీకి పోతే నిన్ను చూసే దిక్కు లేదు. చంకలో నువ్వు, భుజాన సంచి, సంచిలో టేప్ రికార్డరూ నీ పాలసీసా. అలా పోచంపల్లి బస్సెక్కేదాన్ని.

అక్కడ ఒక ముసలమ్మ ఇంటికి ఎక్కువగా పోయేవాళ్లం. ఆమె ఆసు పోసేది, అంటే నేతకు ముందు నూలు సర్దిపెట్టే పని. అర్ధచంద్రం లాంటి చట్రానికి మేకులు, ఒక్కో పోగునూ వాటి చుట్టూ తిప్పుకుంటూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. చింతకింది మల్లేశం గారు కనిపెట్టిన ఆసు యంత్రం ఇంకా రాని రోజులవి. భుజం నొప్పితో మూలుగుతూనే నా ప్రశ్నలకు జవాబులు చెప్పేది. పడుగు, పేక, కండె, నాడె... కాగితం మీద రాసుకుపోయిన మగ్గం పని మాటలన్నీ వరసగా అడిగేదాన్ని.

ఒకరోజు నువ్వు చటుక్కున పోయి ఆ పోగులు గుంజేశావు. నాలుగైదు తెగాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆమె కోప్పడలేదు. వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, తెగిన కొసలు రెండూ కలిపి పురి తిప్పింది. "అతికితే అతుకుతది, పిల్లనేమనకు" అని నిన్ను ఒళ్లో కూచోబెట్టుకుంది. అతకడం గురించి నా కాగితంలో ఒక్క ప్రశ్న కూడా లేదు. పోగు తెగితే ఏమంటారు, అతికిన చోటును ఏమంటారు, అవన్నీ ఆ రోజునుంచే అడగడం మొదలుపెట్టాను. చివరికి థీసిస్‌లో అదొక అధ్యాయమైంది. మా గైడ్ గారు అన్నిటికన్నా మెచ్చుకున్నది దాన్నే. నా చదువుకు నువ్వు అడ్డమయ్యావని ఎప్పుడైనా అనుకున్నావేమో, అందుకని చెబుతున్నా.

అయితే అంతా సాఫీగా జరిగిందని మాత్రం చెప్పను. నువ్వు బడికి పోయిన మొదటి రోజు నేను లైబ్రరీలో ఉన్నా. అమ్మమ్మ తీసుకుపోయింది. గేటు దగ్గర "అమ్మ ఏది, అమ్మ ఏది" అని ఒకటే ఏడ్చావట. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గుండె పట్టేస్తుంది. తమ్ముడు పుట్టాక ఏడాదిన్నర ఒక్క పేజీ రాయలేదు. గడువు పొడిగించమని అర్జీ పట్టుకుపోతే, ఆఫీసులో ఒకాయన తల కూడా ఎత్తకుండా "ఇద్దరు పిల్లల తల్లివి, ఇంకెందుకమ్మా ఇవన్నీ" అన్నాడు. బయట చెట్టు కింద కూచుని ఏడ్చి, మళ్లీ లోపలికి పోయి సంతకం పెట్టించుకునే వచ్చాను. సెలవడగడానికి నాకు ఏ కాగితమూ ఆధారం లేదు. ఒకళ్ల దయ మీద బతికాను.

నీకు ఆ కర్మ లేదు బిడ్డా. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2016లో తెచ్చి, 2022 నిబంధనల్లోనూ ఉంచిన మాట: పీహెచ్‌డీ చేసే ఆడపిల్లకు ప్రసూతికో పిల్లల పెంపకానికో 240 రోజుల వరకు సెలవు ఉంది. గడువులో కూడా ఆడవాళ్లకు రెండేళ్లు అదనంగా ఇస్తారు. అది నీ హక్కు. మానేస్తానని ఉత్తరం రాసేముందు సెలవు అర్జీ రాయి. మీ గైడ్‌తో ఉన్నదున్నట్టు చెప్పు, దాచకు. నువ్వు మాట్లాడకుండా తిరుగుతుంటే, నీకు ఆసక్తి పోయిందనుకుంటారు.

ఇంకో మాట. పాపను అల్లుడి చేతికిచ్చి రెండు గంటలు తలుపేసుకుని కూచో. మొదట్లో పాప ఏడుస్తుంది, నీ చెయ్యి తలుపు దాకా పోతుంది. ఒళ్లో వేసుకోవడం అతనూ నేర్చుకోవాలి. మీ నాన్నకు నీ జడ వేయడం వచ్చింది నేను థీసిస్ రాసిన ఆ నాలుగు నెలల్లోనే.

ఇవాళ క్యాసెట్ వేసి విన్నాను. ముసలమ్మ "పడుగు అంటే..." అని మొదలుపెడుతుంది, వెంటనే నీ ఏడుపు. ఆమె ఆగి "ఓయమ్మా, ఆకలైందా" అంటుంది. తర్వాత చాలాసేపు మాటలేవీ లేవు, నువ్వు గుటకలేయడం వినిపిస్తుంది. వెనక ఎక్కడో మగ్గం చప్పుడు.

శుక్రవారం పొద్దున బస్సుకు వస్తున్నా. రెండు నెలలు ఉంటా, నాన్న వంట తనే చేసుకుంటానన్నాడు. క్యాసెట్టూ టేప్ రికార్డరూ తెస్తున్నా. నీ మూడో అధ్యాయం కాగితాలు బల్ల మీద తీసి పెట్టు.

మీ అమ్మ