కొలత ఒకటే అయినా ఎవరి చేయి వారిదే

సంపాదకులకు నమస్కారం.

కొమ్మలనూ పూలనూ పాత్రలో కూర్చే జపాన్ కళ ఇకెబానా గురించి గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. శీర్షికలో దాన్ని ‘జపాన్ పూలగుత్తి’ అన్నా సర్దుకుపోవచ్చు గానీ, కొమ్మల పొడవుకూ వాలుకూ లెక్కలు కట్టిన కళలో మనిషి తన మనసును చూపుకునే చోటెక్కడిదన్న వ్యాసకర్త ప్రశ్నకు జవాబు చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

లెక్కలున్న మాట నిజమే. ఇకెబానా శాఖల్లో ఒకటైన సొగెత్సు సంప్రదాయంలోని మొదటి పాఠంలో షిన్, సోయె, హికాయె అని మూడు ప్రధానమైన కొమ్మలుంటాయి. నిటారు గీత నుంచి అవి వరుసగా 15, 45, 75 డిగ్రీలు వాలాలి, సోయె పొడవు షిన్‌లో ముప్పావు వంతు ఉండాలి. అయితే 1927లో సోఫు తెషిగహర స్థాపించిన ఈ సంప్రదాయమే, ఇకెబానాను ఎవరైనా, ఎక్కడైనా, ఏ వస్తువుతోనైనా చేయవచ్చని చెబుతుంది. ఆయన ఇనుమునూ ఎండు మోడులనూ కూడా వాడారు.

నియమానికీ స్వేచ్ఛకూ పొత్తు ఎలా కుదురుతుందో ప్రాణహిత ఒడ్డున బతుకమ్మ పేర్చే ఆడవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. మహారాష్ట్రలో ఉన్నా తంగేడు, గునుగు కోసుకురావడంతోనే మా సిరోంచలో తెలుగిళ్లకు పండుగ మొదలవుతుంది. అడుగున ఆకులు పరచి, వరుస మీద వరుస గుండ్రంగా పేర్చి, నడుమ కాడలూ ఆకులూ కూరి, పైకి పోనుపోను సన్నం చేసి, కొసన పసుపు గౌరమ్మను నిలిపే పద్ధతి అందరిదీ ఒకటే. అయినా పదిహేను బతుకమ్మలను ఒకచోట దించితే ఏది ఎవరిదో అడగకుండానే చెప్పేస్తాం. మా పెద్ద ఆడబిడ్డ గునుగుకు రంగు అద్దదు. ఆ తెలుపు మధ్య తంగేడును ఒక్క వరుసే వేస్తుంది. ఎన్నేళ్లు చెప్పినా రెండో వరుస వేయలేదు.

జపాన్‌లోనూ ఇది కొత్త సంగతి కాదు. క్యోటోలోని రొక్కకుదో ఆలయంలో బుద్ధునికి పూలు సమర్పించిన ఇకెనోబో అనే పరంపరకు చెందిన అర్చకుల్లో సెంకెయ్ అనే ఆయన ఒక యోధుని పిలుపుమీద కూర్చిన పూలను చూడడానికి నగరంలోని రసికులు పోటీపడ్డారని 1462 నాటి ఒక డైరీలో ఉంది. ఎవరు కూర్చినా ఒకటే అయితే అంతమంది ఎందుకు వెళతారు?

కెంజాన్ అనే మేకుల దిమ్మె కొనకుండా మొదలుపెట్టలేమన్నట్టు వ్యాసకర్త అంగడి పట్టిక ఇవ్వడం కూడా నచ్చలేదు. రిక్కా అనే పాత ఇకెబానా పద్ధతిలో కొమ్మలను గడ్డి కట్టలో గుచ్చేవారు. పోయిన కార్తికంలో నేను ఇత్తడి చెంబు మూతిలో జామపుల్లను అడ్డంగా బిగించి, ఒక ఎండు టేకు కొమ్మనూ రెండు గునుగు కాడలనూ నిలబెట్టాను. నాకు కష్టమనిపించింది కొలత కాదు, చేయి ఆపుకోవడం. బతుకమ్మలో సందు కనబడితే అత్తగారు కోప్పడేవారు. ఇకెబానాలో ఆ సందే ప్రాణం. మూడో కాడ పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, చివరకు తీసేశాను. “ఇంకో నాలుగు పూలు పెట్టకపోయావా?” అన్నారు మా వారు. నాకు మాత్రం ఆ ఖాళీ నాదేననిపించింది.

చివరిగా ఒక విన్నపం. వ్యాసంతో వేసిన ఫొటోలో షిన్ కొమ్మ కొసను, పుటలో చోటు చాలక కాబోలు, కత్తిరించి అచ్చువేశారు. ఆ కొసనూ, దాని పైనున్న ఖాళీనీ కలిపి ఆ ఫొటోను మరోసారి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సిరోంచ, గడ్చిరోలి జిల్లా.