గీత చదివే చోట ‘అన్నీ ఒకటేలే’ అనొద్దు

సంపాదకులకు నమస్కారం.

గీతా జయంతి దగ్గరపడుతుంటే కర్నూలు, కడప, అనంతపురం వైపు కొత్త గీతాధ్యయన బృందాలు మొదలవుతుంటాయి. కొన్ని రెండో అధ్యాయం పూర్తికాకముందే చీలిపోతున్నాయి. భక్తి తక్కువై కాదు, ఒకే శ్లోకానికి ఆచార్యులు వేర్వేరు అర్థాలు చెప్పినప్పుడు ఎలా మాట్లాడుకోవాలో తెలియక.

మంత్రాలయంలో జీవుడు, దేవుడు వేరనే ద్వైతం, అహోబిలంలో జీవులు భగవంతుడికి శరీరం వంటివారనే విశిష్టాద్వైతం, కడప దగ్గర పుష్పగిరిలో రెండూ ఒకటేననే అద్వైతం. మూడు సంప్రదాయాల పీఠాలూ మన సీమలోనే ఉన్నాయి. ఒకే చాప మీద కూర్చున్న పదిమందిలో మూడు మార్గాలవాళ్లూ ఉండడం ఇక్కడ మామూలే.

తగవు తరచుగా 2వ అధ్యాయం 12వ శ్లోకం దగ్గరే మొదలవుతుంది. నేను, నువ్వు, ఈ రాజులు లేని కాలం లేదు, ఇకముందూ మనమెవ్వరం లేకుండా పోము అంటాడు కృష్ణుడు. ఆ ‘మనం’ దేహాలు వేరు కాబట్టి అన్నదే తప్ప ఆత్మలు అనేకమని కాదన్నారు అద్వైతాచార్యులు శంకరులు. అర్జునుడి అజ్ఞానం పోగొట్టడానికి పూనుకుని భగవంతుడే ‘నేను, నువ్వు, వీళ్లు’ అని విడదీసి చెప్పాడు కాబట్టి ఆ భేదం నిజమేనన్నారు విశిష్టాద్వైతాచార్యులు రామానుజులు. ద్వైతాచార్యులు మధ్వులకూ జీవుడికీ ఈశ్వరుడికీ ఉన్న భేదం సత్యమే.

సరిగ్గా ఇక్కడే ఒక పెద్దాయన ‘పోనీలేండి, అన్నీ ఒకటే’ అని సర్దేస్తారు. అసలు నష్టం ఆ మాటతోనే. అన్నీ ఒకటి కావు. సందేహం అడిగిన కుర్రవాడికి జవాబు దొరకదు, మరుసటి వారం అతను రాడు. ఐకమత్యమంటే తేడాను దాచిపెట్టడం కాదు, తేడాను ఉన్నదున్నట్టు చెప్పుకుని కూడా కలిసి కూర్చోవడం. రామానుజులు బ్రహ్మసూత్రాలకు రాసిన శ్రీభాష్యంలో మొదటి సూత్రం దగ్గరే అద్వైత వాదాన్ని విస్తారంగా వినిపించి, ఆ తర్వాతే ఖండించారు. అలా ముందుగా వినిపించిన ఎదుటి పక్షాన్నే మహాపూర్వపక్షం అంటారు.

గౌతముడి న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా చెప్పాయి. ప్రమాణంతో, అంటే ఒప్పుకోదగిన ఆధారంతో, తర్కంతో నిజం తేల్చుకునేది వాదం. గెలుపు కోసం మాటను మెలిపెట్టేది జల్పం. తన పక్షమేదీ నిలబెట్టకుండా ఎదుటివాడిది కొట్టేయడమే వితండ. ‘శంకరులు దేహభేదం అన్నారు’ అని ఒకరంటే, ‘అయితే దేహం నిత్యమంటారా?’ అని ఇంకొకరు లేస్తారు. శంకరులు ఆ మాట అననేలేదు. అక్కడికి వాదం పోయి జల్పం వచ్చినట్టే. ఆపైన ‘మీవాళ్లు’, ‘మావాళ్లు’ అన్న మాట దొర్లిందంటే చర్చ శ్లోకం వదిలి కులం మీదికి పోతుంది. నడిపేవారు ఆ క్షణమే ఆపి, మళ్లీ శ్లోకం చదివించాలి.

పద్ధతి కష్టమేమీ కాదు. గంటన్నర కూర్చుంటే ఒకటి రెండు శ్లోకాలు చాలు. ముందు పదాలు విడదీసే పదవిభాగం, వాటిని వాక్యంగా కూర్చే అన్వయం. ఇందులో భేదాభిప్రాయం తక్కువ, అందరూ ఒక మాట మీద ఉంటారు. తర్వాత భాష్యాలు. అద్వైతి చేత రామానుజ భాష్యం, వైష్ణవుడి చేత శంకర భాష్యం చదివించండి. పరాయి పక్షాన్ని నోరారా చదివినవాడు దాన్ని తేలిగ్గా వెక్కిరించలేడు. అభ్యంతరం చెప్పేవారు ముందు ఎదుటివారి మాటను తమ మాటల్లో చెప్పి, ‘మీరన్నది ఇదేనా?’ అని అడగాలి. ‘అవును’ అన్నాకే అభ్యంతరం, అదీ ఒక్కటే, ఏ ప్రమాణంతో అంటున్నారో చెప్పి. చిన్నవాళ్లను ముందు మాట్లాడనివ్వాలి. పెద్దలు ముందు తేల్చేస్తే తక్కినవాళ్లు నోరు విప్పరు.

మరో చిక్కు, వట్టి తెలుగు తాత్పర్యం పుస్తకాలతో వస్తుంది. అది ఎవరి భాష్యాన్ని అనుసరించి రాసిందో ముందే చూసుకోవాలి. లేకపోతే ఒకరి అభిప్రాయాన్నే మూలశ్లోకమనుకుని పోట్లాడతారు. ఎవరో ప్రవచనంలో అన్నారనో, వాట్సాప్‌లో వచ్చిందనో చెప్పేది ప్రమాణం కిందికి రాదు.

తేలని సందేహాన్ని శ్లోకసంఖ్యతో నోట్‌బుక్‌లో రాసుకుని, ఆ సంప్రదాయంలోనే చదువుకున్న పండితుణ్ణి అడగాలి. ద్వైతం మీద సందేహాన్ని అద్వైతినీ, అద్వైతం మీద సందేహాన్ని ద్వైతినీ అడిగి తెచ్చుకున్న జవాబుతో చర్చకు కూర్చోవద్దని మనవి.

— కొందరు గీతాధ్యయనపరులు, కర్నూలు